బెల్టు పైకి ఎక్కిపోతోంటే: సైజు కాదు, రకమే తేడా

కాన్పయి మూడు నెలలైనా పక్క మీద ఒత్తిగిలినప్పుడు, మెట్లెక్కేటప్పుడు పిర్ర పైన ఒకవైపు పోటు వస్తోందని, కొన్న నడుం బెల్టు కూర్చోగానే డొక్కల్లోకి ఎక్కిపోతోందని రాశారు. ఈ లక్షణాలు ఎక్కువగా కటి కీలు (వెన్ను అడుగుభాగం తుంటి ఎముకతో కలిసేచోటు; ఇంగ్లీషులో శాక్రోఇలియాక్, పొట్టిగా ఎస్ఐ) నొప్పివి అండీ. మీ దగ్గరున్నది లంబార్ బెల్టు, అంటే నడుముకి కట్టేది, అది ఆ కీలుని పట్టదు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర సర్జికల్ షాపుల్లో 'ఎస్ఐ బెల్ట్' అని అడగండి. సుమారు 5–8 సెం.మీ. వెడల్పే ఉంటుంది, సన్నగా ఉందని వదిలేయకండి.

కొలత నడుముకి కాదు, తుంటి చుట్టూ తీసుకోవాలి. కంపెనీకో సైజు, కాబట్టి డబ్బా మీది పట్టిక చూడండి. నిలబడి, ముందువైపు తుంటి ఎముకల మొనలు వేళ్లతో తడమండి. బెల్టు వాటికి కాస్త కిందుగా, తొడ పక్కన తగిలే ఎముక గుబ్బకి పైన కూర్చోవాలి. ముందు అసలు పట్టీ అతికించి, తర్వాత పక్క ఎలాస్టిక్‌లు రెండూ సమానంగా లాగండి. కాళ్లు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టే.

బెల్టు నప్పిందో లేదో తేల్చే ఒక పరీక్ష: వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా ఒక్కో కాలు జానెడు ఎత్తండి. బెల్టు లేనప్పటికంటే బెల్టుతో తేలిగ్గా లేస్తే అది మీకు పనికొస్తుంది. షాపులో కుదరదు గనక, మార్చిస్తారో లేదో ముందే అడిగి తెచ్చుకోండి.

నడక, ఇంటిపని వేళల్లో చాలు, నిద్రలో వద్దు. విశాఖ ఉక్కకి లోపల నూలు బనియన్ తప్పనిసరి. ఉతికేటప్పుడు వెల్క్రో మూసేయండి, లేకపోతే నూగు పట్టి అతకదు. ఫిజియో చెప్పే వ్యాయామాలు మాత్రం మానకండి. ఆపరేషన్ కాన్పయితే, కుట్ల దగ్గర ఒరుసుకుంటే డాక్టర్‌ని అడిగాకే వాడండి.

మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాలు బలహీనపడినా బెల్టు సంగతి పక్కనపెట్టి వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి.