మోజాంగ్‌ను ఎందుకు అమ్మిండ్రు: సమాధానం

మైన్‌క్రాఫ్ట్ గేమ్ చేసిన మోజాంగ్ కంపెనీని నష్టాలొచ్చి అమ్మిండ్రా అని మీ హన్మకొండ రూమ్‌ల లొల్లి అయితుందని అడిగినవ్ గద తమ్మీ. నష్టాలొచ్చి కాదు. ఆ గేమ్ తయారుజేసిన ఓనర్ నాచ్‌కే (అసలు పేరు మార్కస్ పెర్సన్) పానం విసిగింది. మైన్‌క్రాఫ్ట్ అప్పుడు మంచిగనే అమ్ముడువోతుండె.

ఆ లొల్లి తెగాలంటే గిట్ల చూడుర్రి:

1. 2011 డిసెంబర్‌లనే నాచ్ గేమ్ పనిని యెన్స్ బెర్గెన్‌స్టెన్‌కు అప్పజెప్పిండు.

2. అందరు ఇడిసిపెట్టేది ఇదే: వాటా ఎవరిది? మోజాంగ్ అప్పుడు షేర్ మార్కెట్‌ల లేకుండె, పెద్ద వాటా నాచ్‌దే. గసొంటాయన తప్పుకోవాలంటే ఆ వాటా కొనేటోడు దొరకాలె. 2014 జూన్‌ల, గేమ్ సర్వర్లు నడిపేటోళ్లు పైసలు వసూలు చేసే రూల్స్ మీద ఫ్యాన్స్ తిట్లు పడ్తుంటే, నా వాటా ఎవరన్న కొంటరా అని ట్విట్టర్‌ల తనే అడిగిండు.

3. సెప్టెంబర్ 15న 250 కోట్ల డాలర్ల డీల్ చెప్పిండ్రు. కొన్నది మైక్రోసాఫ్ట్. ముగ్గురు ఫౌండర్లు ఎల్లిపోయిండ్రు.

పైసల కోసం కాదు, మనసు నిమ్మళం కోసమని ఆయన అదే రోజు లేఖ రాసిండు. నేనైతే నమ్మిన. మీ దోస్తులకు ముందుగాల ఆ లేఖ సదివి చెప్పు.