బయటి ఇంకు పెట్టుకుంటే ప్రింటర్ వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మాది పరకాల. పెండ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫొటోలు తీసి ఇంట్లోనే ప్రింట్ చేసి ఇస్తాను. మేడారం జాతరకు ముందు హన్మకొండలో ఆరు రంగుల ఫొటో ఇంక్‌జెట్ ప్రింటర్ బిల్లుతో కొన్నాను. ఏడాది వారంటీ ఉంది. కాట్రిడ్జ్‌ల ఖర్చు భరించలేక, బయట పెట్టిన డబ్బాల నుంచి పైపులతో ఇంకు వచ్చే సీఐఎస్ఎస్‌ను వేరే షాపతనితో బిగించుకున్నాను. వారంటీకి ఏం కాదన్నాడు, బిల్లు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు ప్రింటర్ కాగితం లాగడం లేదు. ఎరుపు రంగులో గీతలు కూడా పడుతున్నాయి. సర్వీస్ సెంటర్‌లో పైపులు చూడగానే వారంటీ మొత్తం క్యాన్సిల్ అని వెనక్కి పంపారు. బయటి ఇంకు వాడటం నేరమా? సంపాదనకు వాడుతున్నాను కాబట్టి కన్జ్యూమర్ కేసు కూడా చెల్లదని ఒకరు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: ముందు టెన్షన్ వదలండి. డబ్బు పెట్టి కొన్న ప్రింటర్ మీది. అందులో ఏ కంపెనీ ఇంకు పోయాలన్నది మీ ఇష్టం, దాన్ని నేరమనే చట్టం లేదు. బయటి ఇంకును అసలు కంపెనీ సీసాలో నింపి, అదే బ్రాండ్ అని అమ్మితే మాత్రం ట్రేడ్‌మార్క్ చట్టం, 1999 కింద శిక్ష పడుతుంది. అది అమ్మినవాడి తప్పు, మీది కాదు.

వారంటీ సంగతి వేరు. అది కంపెనీ మీకు రాసిచ్చిన మాట, దానికి షరతులుంటాయి. వారంటీ కార్డు తీసి ఇంకు గురించి ఉన్న వాక్యాన్ని నిదానంగా చదవండి. "ఇతర ఇంకు వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు" అని ఉంటే, ఆ ఇంకు వల్ల పాడైన భాగానికే వారంటీ పోతుంది, మిగతా యంత్రానికి ఉంటుంది. "ఇతర ఇంకు వాడితే వారంటీ రద్దు" అని ఉంటే కంపెనీ పట్టు కాస్త బిగుస్తుంది. అయినా ఆ షరతు అన్యాయమని వాదించే అవకాశం ఉంది. 2014లో, మార్కెట్లో కంపెనీల పోటీ న్యాయంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద విచారించిన విడిభాగాల కేసులో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. బయట మెకానిక్ చేయి పెట్టాడని వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే రద్దు చేసుకోవచ్చని కమిషన్ చెప్పింది. ఆ ఆదేశం అప్పీళ్లకు వెళ్లింది, పైగా అది కార్లకు సంబంధించినది. ప్రింటర్లకు నేరుగా వర్తించకపోయినా, వాదనలో ఆ తర్కాన్ని వాడుకోవచ్చు.

అందుకే మీ రెండు ఫిర్యాదులను కలపకండి. కాగితం లాగేవి రబ్బరు రోలర్లు, గేర్లు, వాటిని తిప్పే మోటారు. వాటికి ఇంకు తగలదు. పైపులు కాగితం దారికి అడ్డం పడ్డాయనో, మూత సరిగ్గా పడక దుమ్ము చేరిందనో కంపెనీ అనవచ్చు. అంటే అనొచ్చు, కానీ ఏ భాగం, ఏ కారణం అన్నది టెక్నీషియన్ విప్పి చూసి రాయాలి. దూరం నుంచి పైపులు చూసి వెనక్కి పంపడం పరీక్ష కాదు. ఈ విషయంలో మీ వైపు బలం ఉంది.

గీతల విషయంలో మీకు ఆశ పెట్టలేను. కాగితం మీద ఇంకు చిమ్మే భాగమైన ప్రింట్ హెడ్‌లోని రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నం. ఇంకు చిక్కదనం తేడాగా ఉన్నా, ఎండిపోయినా, పైపులో గాలి చేరినా ఆ రంగు ఆగిపోయి గీతలు పడతాయి. డబ్బాలు ప్రింటర్ కన్నా ఎత్తులో పెడితే ఇంకు దానంతట అదే కారి లోపల పాడు చేస్తుంది. ఇవన్నీ కంపెనీ ముందు పెట్టే కారణాలే. హెడ్ మొదటి నుంచీ లోపంతో ఉందని నిరూపించగలిగితే తప్ప, ఆ ఖర్చు మీ మీద పడే అవకాశమే ఎక్కువ.

ఇక కన్జ్యూమర్ కేసు చెల్లదన్న మాట. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. అయితే అదే సెక్షన్ వివరణలో, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని వాడుకునే వస్తువును వ్యాపార అవసరంగా చూడకూడదని స్పష్టంగా ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడేనని, సాయంగా ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదని ఉదాహరణగా చెప్పింది. మీ తమ్ముడో, ఇంట్లోవాళ్లో ఫొటోలు కత్తిరించి కవర్లలో పెట్టినా ఫరవాలేదు. ఈ ప్రింటర్ మీదే మీ బతుకు ఆధారపడి ఉందన్న మాటను ఫిర్యాదులోనే రాయాలి. చాలామంది అది రాయరు. ఎదుటి లాయర్ ఆ ఒక్క పాయింట్ మీదే కేసు కొట్టేయమంటాడు.

సీఐఎస్ఎస్ బిగించినవాడిని కూడా వదలకండి. వారంటీకి ఏం కాదని తప్పుడు మాట చెప్పి అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం రెండూ ఇదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లు లేకపోయినా ఫోన్‌పే, గూగుల్‌పేలో కట్టిన వివరం, వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే పనికొస్తాయి. హెడ్ నష్టం అడగాల్సింది కూడా అతన్నే. అతన్ని కేసులో రెండో ప్రతివాదిగా చేర్చండి.

ఒక పని మాత్రం అస్సలు చేయకండి. పైపులు పీకేసి, కొత్త కాట్రిడ్జ్‌లు పెట్టి, ఎప్పుడూ బయటి ఇంకు వాడలేదని చెప్పొద్దు. లోపల ఇంకు ఆనవాళ్లు ఉంటాయి, అవి దొరికితే నిజంగా న్యాయమైన కాగితం సమస్య మీద కూడా మిమ్మల్ని ఎవరూ నమ్మరు. ప్రింటర్ ఇప్పుడున్న స్థితిలోనే వీడియో తీయండి, ఏ రంగు సరిగ్గా రావడం లేదో చూపే నాజిల్ చెక్ ప్రింట్ వస్తే దాచండి. మళ్లీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, మీ ఫిర్యాదు నమోదు చేసి ఇచ్చే జాబ్ షీట్ అడగండి, నిరాకరణకు కారణం రాసివ్వమనండి. రాయకపోతే ఆ రోజే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చిన్న కేసులు చాలా వరకు అక్కడే తెగుతాయి. తెగకపోతే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, వరంగల్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే చోటే వేసే హక్కు మీకుంది. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. లోపం ఏమిటో తేలకపోతే కమిషన్ ప్రింటర్‌ను ల్యాబ్‌కు పంపవచ్చు, ఆ ఫీజు ముందు మిమ్మల్నే కట్టమనవచ్చు. వారంటీ నిరాకరించిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. కాగితం లాగడం లేదన్న ఫిర్యాదును మాత్రం వారంటీ గడువు ముగియకముందే రాతపూర్వకంగా కంపెనీకి చేర్చి, అందినట్టు రుజువు దగ్గర పెట్టుకోండి.