పర్టినేషస్ అని ఎవరిని అనాలి?

చి. శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అమెరికాలో పీజీ చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం రోజుకు యాభై మాటలు బట్టీ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన నోట్సు ఫోటో చూశాను. పర్టినాసిటీ, పర్సివిరెన్స్, టెనాసిటీ, ఫోర్టిట్యూడ్ నాలుగింటినీ ఒక బ్రాకెట్లో పెట్టి పక్కన ‘పట్టుదల’ అని రాశావు. ముందు ఆ బ్రాకెట్ కొట్టెయ్.

ఇప్పుడు ఆ పరీక్షలో వ్యతిరేక పదాలు, అనాలజీలు లేవు. 2011లోనే తీసేశారు. మాటను వాక్యంలో పెట్టే అడుగుతున్నారు. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ప్రశ్నలో ఖాళీలో ఏది పెట్టినా వాక్యానికి ఒకే అర్థం వచ్చే రెండు మాటల్ని ఆరింటిలోంచి ఏరాలి, ఒకటి తప్పినా మార్కు పోయినట్టే. అక్కడ బ్రాకెట్ చదువు పనికి రాదు. యాభై మానేసి రోజుకు పది చూడు, కానీ ఇలా చూడు.

మొదట నోరు తిరగాలి. కెపాసిటీలో ‘పా’ మీద ఎలా ఒత్తుతామో, పర్టినాసిటీలో ‘నా’ మీద అలా ఒత్తు. విశేషణం అయ్యేసరికి పర్టినేషస్ అవుతుంది. టెనాసిటీ-టెనేషస్, వెరాసిటీ-వెరేషస్ కూడా ఇదే వరస. పైకి చదువు. మనసులో చదివిన మాట పరీక్ష హాల్లో మొహం చాటేస్తుంది.

లాటిన్‌లో ‘టెనేరే’ అంటే పట్టుకోవడం. ముందున్న ‘పర్’ అంటే పూర్తిగా, ఆసాంతం. మన పట్టుదలలోనూ ఉన్నది పట్టే కాబట్టి ఇది నీకు వేరే చెప్పక్కర్లేదు. టెనెంట్, టెన్యూర్, రిటెయిన్, అటెండెన్స్ చాలనివాళ్ళని మీ కాలేజీలో చేసే డిటెయిన్, అన్నీ ఆ వేరువే. పర్టినెంట్ కూడా అక్కడిదే, కానీ దానర్థం సందర్భానికి తగినదని. ఆ రెంటినీ కలిపెయ్యకు.

ఒక కథ కూడా చెప్తాను, ఇది విన్నాక మాట మర్చిపోలేవు. రోమ్‌కి పర్టినాక్స్ అని ఒక చక్రవర్తి ఉండేవాడు. బానిసత్వం నుంచి విడుదలైనవాడి కొడుకు. బడిపంతులుగా మొదలై, సైన్యంలో చేరి, మెట్టు మెట్టు ఎక్కి క్రీ.శ. 193 జనవరి 1న గద్దెనెక్కాడు. అంగరక్షక దళాన్ని క్రమశిక్షణలో పెట్టబోయాడు. మార్చి 28న వాళ్ళే చంపేశారు. చంపి ఊరుకోలేదు, సింహాసనాన్ని వేలం వేశారు! పేరులో అంత పట్టున్నవాడు మూడు నెలలైనా నిలవలేదు.

ఇక అసలు సంగతి. పర్సివిరెన్స్ ఎప్పుడూ మెచ్చుకోలే. ఫోర్టిట్యూడ్ బాధను ధైర్యంగా ఓర్చుకోవడం, మంచాన పడ్డ మనిషికీ వాడొచ్చు. పర్టినాసిటీలో మాత్రం మెచ్చుకోలుతో పాటు కాస్త విసుగు కూడా కలిసి ఉంటుంది. మా ఇంటికి ఆదివారం ఆదివారం ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు వస్తాడు. వద్దని మీ పెదనాన్న చెప్పిన ప్రతిసారీ నవ్వుతూ “సరే సార్” అని, చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఇంకో పాలసీ కాగితం తీస్తాడు. అతను పర్టినేషస్. పూర్వం క్రైస్తవ మతాధికారులు కూడా ఈ మాటను గట్టిగా పట్టుకున్నారు. తప్పుడు నమ్మకం ఒక్కటే మతద్రోహం కాదు, తప్పని చెప్పాక కూడా వదలకపోతేనే ద్రోహం. ఆ వదలకపోవడానికి పెట్టిన పేరే ఇది.

అలాగని తిట్టు మాట అనుకునేవు. కష్టంలో పట్టు సడలనివాళ్ళకీ చక్కగా అతుకుతుంది. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకో. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్ కన్నెర్రజేస్తే, ఎంబీబీఎస్ రాక అంతకంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. బోస్టన్ వెళ్ళి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ చదివారు. రక్తంలో భాస్వరం కొలవడానికి ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఆయన చెప్పిన పద్ధతి బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఇద్దరి పేరుతోనే ఉంటుంది. అయినా హార్వర్డ్ యూనివర్సిటీ ఆయనకి టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగం, ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన ఆ స్ప్రూకే అది మందయింది. నన్నడిగితే ఆయనకి పర్సివిరెన్స్ అన్న మాట చప్పగా ఉంటుంది.

ఈ మాటను నువ్వు మాట్లాడే మాటల్లో చేర్చుకోకు. పాత నవలల్లో, కోర్టు తీర్పుల్లో కనబడితే గుర్తుపడితే చాలు. నీ లిస్టుని ఇలాగే రెండు చెయ్యి: నోటితో అనేవి, కంటితో పోల్చుకునేవి. రెండోదే పొడుగ్గా ఉంటుంది, కంగారుపడకు.

ఇంకోటి. యూనివర్సిటీకి నీ గురించి రాసి పంపే ఎస్‌ఓపీలో ‘ఐ యామ్ ఎ పర్టినేషస్ లెర్నర్’ అన్న వాక్యం తీసెయ్. చదివే ప్రొఫెసర్‌కి చెప్తే వినని మొండిఘటం కనిపిస్తుంది. దాని బదులు ‘పర్సిస్టెంట్’ అని కూడా పెట్టకు. మీ ఫైనలియర్ ప్రాజెక్టులో సెన్సరు ఎన్నిసార్లు మొరాయించిందో, నువ్వేం చేశావో నాలుగు వాక్యాల్లో రాయి.

ఈ మాటతో మూడు వాక్యాలు రాసి వాట్సాప్‌లో పెట్టు. ఒకటి మెచ్చుకుంటూ, ఒకటి విసుక్కుంటూ, మూడోది సుబ్బారావుగారి మీద, అందులో టెన్యూర్ కూడా రావాలి. టైపు చెయ్యొద్దు, చేత్తో రాసి ఫోటో తియ్యి. టెనాసిటీలో ‘టి’ తర్వాత వచ్చే ‘ఈ’ అక్షరం ఇక్కడ ‘ఐ’ అవుతుంది, నీ ఫోను దిద్దకుండా నీకే తెలియాలి.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ