ఇల్లు మెకిన్నీలో, బడి ఫ్రిస్కో ఐఎస్‌డీలో: అదెలా?

డాలస్ దగ్గరి మెకిన్నీలో ఇల్లు ఉన్నా, కొందరి పిల్లలకు పక్క ఊరు ఫ్రిస్కో పేరున్న బడి వస్తుంది. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) వేరు, ఊరు వేరు. ఐఎస్‌డీ అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్; అందులో మొదటి మాటకు అర్థమే 'స్వతంత్ర'. నగర పాలక సంస్థతో సంబంధం లేకుండా ఎన్నికైన బోర్డు, సొంత ఆస్తి పన్ను, సొంత సరిహద్దులు ఉంటాయి. ఫ్రిస్కో ఐఎస్‌డీ ఫ్రిస్కోతో ఆగదు. ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్‌లలో కొన్ని భాగాలూ దాని కిందికే వస్తాయి. అందుకే మెకిన్నీ అడ్రస్ ఉన్నా కొందరి పిల్లలకు ఫ్రిస్కో బడి వస్తుంది.

ఫ్రిస్కో ఒకప్పుడు రైలు మార్గం పక్కన పుట్టిన చిన్న ఊరు. 1990లో జనాభా ఆరు వేల పైచిలుకు, 2020కి రెండు లక్షలు దాటింది. 2003లో సెంటెనియల్ తెరిచేదాకా ఊరికి ఒక్కటే హైస్కూల్. 2022లో వచ్చిన పాంథర్ క్రీక్‌తో పన్నెండయ్యాయి. టెక్సస్‌లో కొన్నిచోట్ల ఒక్క పెద్ద హైస్కూల్ కట్టి నాలుగైదు వేల మందిని చేరుస్తారు. ఇక్కడ ఒక్కోదాన్ని సుమారు రెండు వేల మందికే పరిమితం చేశారు. ఖర్చు ఎక్కువే, కానీ ఫుట్‌బాల్ జట్టులోనో బ్యాండులోనో చోటు దొరకడం తేలిక. నాకైతే ఈ పద్ధతే నచ్చింది.

ఇప్పుడు గాలి మారింది. పిల్లల సంఖ్య తగ్గుతోంది, 2025లో స్టేలీ మిడిల్ స్కూల్‌ను మూసేశారు. మనవాళ్లు ఇక్కడ బాగా ఎక్కువ కాబట్టి ఒక మాట: ఇల్లు కొనేటప్పుడు ఏజెంట్ మాట నమ్మకుండా, ఆ అడ్రస్‌కి ఏ బడో డిస్ట్రిక్ట్ సైట్‌లో చూసుకోండి. హద్దులు మారుతుంటాయి.