స్కాట్లాండ్ వాళ్ల ‘థోల్’ అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడిది?

ఒక్క మాటలో చెప్పాలంటే ఓర్చుకోవడం. స్కాట్లాండ్‌లో, ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతాల్లో, ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో ఈ క్రియ వినిపిస్తుంది. చలిని, నొప్పిని, నచ్చని మనిషిని థోల్ చేస్తారు. మన ‘సహించు’ కంటే ‘ఓర్చుకో’ దీనికి దగ్గర అనిపిస్తుంది నాకు. తప్పించుకునే దారి లేనప్పుడు పళ్ల బిగువున నిలబడటం ఇందులో ఉంది.

స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో రాసిన ఎలుక కవిత చూడండి. నాగలి తగిలి ఎలుక గూడు చెదిరిపోతుంది. ఇల్లూ వాకిలీ లేని ఆ చిన్న ప్రాణి చలికాలపు మంచు తుంపరను ఓర్చుకోవాలి. అక్కడ కవి వాడిన క్రియ ఇదే.

స్కాట్లాండ్ న్యాయభాషలోనూ ఉంది. ఒక నేరంపై విచారణ ముగిసినవాడు ఆ విచారణను ‘థోల్’ చేసినట్టే, అదే నేరానికి అతన్ని సాధారణంగా మళ్లీ బోనెక్కించకూడదు.

మూలం పాత ఇంగ్లీషులోని ‘థోలియన్’. స్కాండినేవియా వాళ్ల పాత భాష అయిన పాత నార్స్‌లో ‘థోలా’ దీని తోబుట్టువు. ప్రామాణిక ఇంగ్లీషు ఈ మాటను వదిలేసినా ఉత్తరాది వాళ్లు వదల్లేదు. ఇంకా వెనక్కి వెళ్తే, ఇంగ్లీషు, లాటిన్, సంస్కృతాలకు ఉమ్మడి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో మోయడం, ఎత్తడం అనే అర్థమున్న ధాతువు తేలుతుంది. లాటిన్ నుంచి వచ్చిన ‘టాలరేట్’ కూడా దాని సంతానమే. సంస్కృత ‘తులా’ కూడా అంతే. అంటే మనం బంగారం కొనేటప్పుడు అనే ‘తులం’, గుళ్లో ఇచ్చే తులాభారం ఈ థోల్‌కి దూరపు చుట్టాలన్నమాట!

పడవ తెడ్డుకు ఆనుగా ఉండే మేకునూ ‘థోల్’ అంటారు కానీ, అది వేరే మాట.