కొత్త లారీ కోసం ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లె. నా వయసు 46. 2019 మోడల్ టెన్ వీలర్ లారీ ఉంది, ఫైనాన్స్ తీరిపోయింది. నేనే నడుపుతాను. ఎక్కువగా విశాఖకు సిమెంటు లోడు. డీజిల్, టోల్, బత్తా పోను నెలకు 60 వేలు మిగులుతోంది. జీఎస్టీ తగ్గింది కదా, 16 చక్రాల కొత్త బండి తీసుకోమని షోరూమ్‌లో అంటున్నారు. మొత్తం 45 లక్షలు. మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం. తన కోసం దాచిన 9 లక్షల ఎఫ్‌డీ తీసి కడితే, మిగతా 36 లక్షలు ఇంటి కాగితాల మీద ఇస్తారట. కొత్త బండికి నెలకు 1.3 లక్షలు మిగులుతాయంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దండి. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం ఎప్పుడూ వద్దు.

ముందు ఆ 60 వేల సంగతి చూద్దాం. ఉత్తరంతో పాటు మీరు పంపిన నిరుటి ఖర్చుల చిట్టా ఇదీ: టైర్లకు 1.4 లక్షలు, ఇన్సూరెన్స్ 55 వేలు, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) బండి తయారు చేయించడానికి 65 వేలు, క్వార్టర్లీ టాక్సు, పర్మిట్ కలిపి 45 వేలు, గేర్‌బాక్స్ పనికి 55 వేలు. మొత్తం 3.6 లక్షలు, అంటే నెలకు 30 వేలు. ఇవి నెలనెలా రావు కాబట్టి ట్రిప్పు లెక్కలో కనిపించవు. నిజంగా మీకు మిగిలేది 30 వేలే. ఇంటి ఖర్చు 22 వేలు, అమ్మాయి ఫీజు నెలకు 5 వేల చొప్పున తీసేస్తే చేతిలో 3 వేలు. పైగా బండికి ఎనిమిదేళ్లు దాటాక ఎఫ్‌సీ రెండేళ్లకోసారి కాదు, ఏటా చేయించాలి.

ఇప్పుడు కొత్త బండి. 36 లక్షలకు 11 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుంటే కిస్తీ దాదాపు 78 వేలు. 16 టైర్లు, కొత్త బండికి వచ్చే పెద్ద ప్రీమియం, పర్మిట్, రిపేర్లు కలిపి నెలకు 40 వేలన్నా పక్కన పెట్టాలి. షోరూమ్ వాళ్లు చెప్పిన 1.3 లక్షలు అక్షరాలా వచ్చినా మీకు మిగిలేది 12 వేలు. వానాకాలంలో కట్టడాలు మందగించి సిమెంటు లోడు తగ్గినప్పుడు, విశాఖలో రిటర్న్ లోడు కోసం మూడు రోజులు ఆగినప్పుడు ఆ 12 వేలు కూడా ఉండవు. కిస్తీ తేదీ మాత్రం ఆగదు.

ఇంకో మాట. మీరు పాత బండి మీద ఉంటే కొత్తదాని మీద ఎవరుంటారు? నమ్మకమైన డ్రైవర్ దొరకడం ఇవాళ లోడు దొరకడం కన్నా కష్టమైపోయింది. నెలల తరబడి ఇంటి మొహం చూడని ఈ పనిలోకి కుర్రాళ్లు రావడం లేదు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఎప్పుడో చేయాల్సిన మేలు అది. అయినా డ్రైవర్ లేక బండి షెడ్డులో నిలబడితే కిస్తీ కట్టాల్సింది మీరే.

జీఎస్టీ తగ్గింపు నిజమే. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద 28 శాతం కాస్తా 18 అయింది. కానీ అది మీ ఒక్కరికే తగ్గలేదు. అందరూ కొంటే అదే ఫ్యాక్టరీ గేటు ముందు క్యూ పెరుగుతుంది, కిరాయి పడుతుంది. 2018 జులైలో యాక్సిల్ లోడు (ఇరుసు మీద మోయగల బరువు) పరిమితి పెంచి టెన్ వీలర్‌కు 25 టన్నులున్న మొత్తం బరువును 28.5 చేశారు. ఒక్కో బండి ఎక్కువ మోయడంతో అదే సరుకుకు తక్కువ బళ్లు చాలాయి. ఆ పైన 2020 లాక్‌డౌన్. ఆ రోజుల్లో కిస్తీలు కట్టలేక బళ్లు ఫైనాన్స్ వాళ్లకు అప్పగించినవాళ్లు ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. ఒకరికి ఇల్లు మిగిలింది, మళ్లీ నిలదొక్కుకున్నారు. రెండో ఆయన ఇల్లు కూడా రాసిచ్చారు. ఆయన పిల్లల చదువు అక్కడితో ఆగింది. మీ ఉత్తరం చదువుతుంటే ఆయనే గుర్తొచ్చారు.

మరి ఏం చేయాలంటారా? లారీకి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి నెలకు 30 వేలు అందులో వేయండి. టైరు, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ అన్నీ దాంట్లోంచే. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో 1.8 లక్షల కిరాయి బ్యాలెన్స్ ఆగిందని రాశారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉచితం, చేయించుకోండి. చిన్న వ్యాపారులకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని చట్టం ఉంది. గడువు దాటితే, చెల్లించేదాకా ఆ ఖర్చును వాళ్లు పన్ను లెక్కలో చూపించుకోలేరు. గట్టిగా అడగడానికి ఆ కాగితం పనికొస్తుంది. ఆ డబ్బు వస్తే ముట్టుకోకండి, రేపటి కిస్తీలకు అదే మీ దన్ను.

ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేయడం లేదన్నారు. ఈ ఏడాది నుంచే వేయండి. పది బళ్లలోపు ఉన్నవాళ్లు పుస్తకాలు రాయకుండానే, పెద్ద బండికి టన్నుకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఆదాయం చూపించొచ్చు. ఆర్‌సీలో మొత్తం బరువు 28 టన్నులని ఉంటే ఏడాదికి 3.36 లక్షలు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. పాన్ ఇచ్చి, పది బళ్లకు మించి లేవని రాసిస్తే కిరాయిలో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కూడా కోయకూడదు. రెండేళ్ల రిటర్న్‌లు చేతిలో ఉంటే బ్యాంకు దగ్గర మీరు వడ్డీ బేరమాడొచ్చు.

అమ్మాయి చదువు పూర్తయ్యాక, నాలుగు కిస్తీల డబ్బు ఖాతాలో ఉండి, బ్రోకర్ లేకుండా ఫ్యాక్టరీతో నేరుగా నెలవారీ లోడు ఒప్పందం దొరికి, మీకు తెలిసిన డ్రైవర్ ఉంటే అప్పుడు మళ్లీ రాయండి. అప్పుడైనా తాకట్టు బండి వరకే. ఆ 9 లక్షలు అమ్మాయివి, వాటిని లెక్కలోకి తేకండి.

మీ చిట్టాలో టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా, కనిపించలేదు. బండి ఇన్సూరెన్స్‌లో నడిపే యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద బీమా ప్రమాదానికే, జబ్బుకు రాదు. రాత్రంతా స్టీరింగ్ మీద ఉండే మనిషి మీరు. వచ్చే ట్రిప్పుకు బయల్దేరేలోపే కనీసం 50 లక్షల టర్మ్ పాలసీకి దరఖాస్తు పెట్టండి, నామినీగా మీ ఇంటావిడ పేరు రాయించండి.