టెక్ సందేహాలు: పాత క్యాసెట్ పట్టని కొత్త పెట్టె

"కొత్తది కొన్నాను, పాతవి పనిచేయడం లేదు." ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇదే గోడు. ఫోన్ల గురించి, టీవీల గురించి, ప్రింటర్ల గురించి కూడా. ఈసారి ఒక ఉత్తరం ఇదే గోడును నలభై ఏళ్లు వెనక్కి తీసుకెళ్లింది కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. దగ్గర్లో గరాజ్ సేల్‌లో అటారీ 5200 అనే పాత వీడియోగేమ్ పెట్టె దొరికింది. జాయ్‌స్టిక్ ఎటు నెడితే అటే ఉండిపోతోంది, వదిలినా మధ్యకు రావడం లేదు. పాడైందా? అదే కంపెనీ అంతకుముందు తెచ్చిన 2600 కంటే ఇది మంచి మెషీన్ అంటారు, మరి బజారులో ఎందుకు ఆడలేదు? వేసవిలో తెనాలి వెళ్లేటప్పుడు అన్నయ్య పిల్లలకు తీసుకెళ్దామని ఉంది.

జాయ్‌స్టిక్ పాడవలేదండీ. కంపెనీ నుంచే అలా వచ్చింది. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా సగం అందులోనే ఉంది.

1982 నవంబరులో 5200 అమెరికా దుకాణాల్లోకి వచ్చేనాటికి అటారీ తిరుగులేని స్థితిలో ఉంది. 1977లో తెచ్చిన వీడియో కంప్యూటర్ సిస్టమ్ లక్షలాది ఇళ్లలో టీవీ పక్కన కూర్చుంది. 2600 అని తర్వాత పేరు మార్చింది దానికే. ఆ పెట్టెలో ఉన్న ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. అంత ఇరుకులో ఐదేళ్లు ఆటలు రాసిన ప్రోగ్రామర్లకు దండం పెట్టాలి. కొత్త 5200లో ర్యామ్ 16 కిలోబైట్లు. లోపలి సరుకు చాలావరకు 1979లో అదే కంపెనీ తెచ్చిన 400, 800 హోమ్ కంప్యూటర్లదే: 6502 రకం ప్రాసెసర్, బొమ్మకు యాంటిక్, జీటీఐఏ చిప్‌లు, ధ్వనికి పోకీ చిప్. మూడేళ్లు జనం చేతుల్లో నలిగి గట్టిదని తేలిన హార్డ్‌వేర్. దానికి రాసిన ఆటలు కూడా అప్పటికే బోలెడు.

ఇంత ఉండీ ఎందుకు దెబ్బతింది? అందరూ 1983లో అమెరికా వీడియోగేమ్ మార్కెట్ కుప్పకూలడాన్ని చూపిస్తారు. అది నిజమే, అందరినీ ముంచింది. కానీ వరద రాకముందే ఈ పడవకు చిల్లులున్నాయని నా అభిప్రాయం. ఆ చిల్లులు పొడిచింది పోటీదారులు కాదు, డిజైన్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లే.

మొదటిది, పెద్దది: 5200లో 2600 క్యాసెట్లు పట్టవు. ఐదేళ్లుగా పుట్టినరోజుకొకటి, క్రిస్మస్‌కొకటి కొనిపెట్టిన ఆటలన్నీ కొత్త మెషీన్ ముందు పనికిరాని ప్లాస్టిక్ ముక్కలయ్యాయి. 269 డాలర్లు పెట్టి కొన్న తల్లిదండ్రులకు ఈ సంగతి ఎలా అనిపించి ఉంటుంది? పోనీ, కంప్యూటర్ల తోబుట్టువే కదా, 400, 800 క్యాసెట్లయినా పడతాయా అంటే అవీ పట్టవు. క్యాసెట్ ఆకారం మార్చారు, మెమరీలో చిప్‌ల చిరునామాలు మార్చారు. దాంతో ఒకే రకం చిప్‌ల మీద నడిచే ఆటను కూడా మళ్లీ కూర్చుని సరిచేయాల్సి వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే దుకాణం, ఒకదానితో ఒకటి మాట్లాడుకోని మూడు రకాల క్యాసెట్లు. సాంకేతికంగా తప్పనిసరై చేసింది కాదిది. కొనుక్కున్నవాడి అల్మారాలో ఏముందో ఎవరూ ఆలోచించలేదు.

పోటీదారు మాత్రం ఆలోచించాడు. అదే ఏడాది ఆగస్టులో కొలికో కంపెనీ కొలికోవిజన్ తెచ్చింది. ధర తక్కువ. పెట్టెతోపాటే డాంకీ కాంగ్ ఆట ఇచ్చింది. అప్పట్లో అమెరికా ఆర్కేడ్లలో పిల్లలు నాణేల కోసం జేబులు తడుముకుంటూ ఆడిన ఆట అది. 5200తో మొదట్లో ఇచ్చింది సూపర్ బ్రేకౌట్, అంటే బంతితో ఇటుకలు పగలగొట్టే పాత ఆట. కొత్త మెషీన్ సత్తా చూపించడానికి అంతకంటే నీరసమైన ఎంపిక ఉండదు. పైగా కొలికో ఒక ఎక్స్‌పాన్షన్ మాడ్యూల్ తెచ్చి ముందు భాగాన తగిలించింది. దాంతో కొలికోవిజన్‌లో అటారీ 2600 క్యాసెట్లు ఆడాయి. అటారీ పాత ఖాతాదారుకు అటారీ కొత్త మెషీన్ చేయని మేలు పోటీ కంపెనీ చేసింది. అటారీ కోర్టుకు వెళ్లింది, చివరికి రాజీ కుదిరి కొలికో లైసెన్సు తీసుకుంది. ఆ మాడ్యూల్ అమ్మకాలు ఆగలేదు.

1983లో అటారీ తానూ ఒక అడాప్టర్ తెచ్చింది, 2600 క్యాసెట్లు 5200లో పెట్టుకోవడానికి. ఆలస్యమైతే అయింది అనుకుందామంటే, మొదటి ఏడాది నమ్మి కొన్న నాలుగు పోర్టుల (అంటే కంట్రోలర్లు తగిలించే సాకెట్ల) మోడల్‌లో లోపల మార్పు చేయించకపోతే అది పనిచేయలేదు! తర్వాత వచ్చిన రెండు పోర్టుల మోడల్‌కే నేరుగా పట్టింది. ముందు నమ్మినవాడికే ముందు దెబ్బ. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే. (మీ పెట్టె నాలుగు పోర్టులదైతే అడుగున సీరియల్ నంబరు చూడండి. పక్కన నక్షత్రం గుర్తుంటే ఆ మార్పు చేసిన పెట్టె అన్నమాట.)

ఇక మీ జాయ్‌స్టిక్. 2600 కర్ర వట్టి స్విచ్: పైకి, కిందికి, కుడికి, ఎడమకు. 5200కు అనలాగ్ కర్ర పెట్టారు. ఎంత వంచితే అంత వేగం, ఆలోచన గొప్పదే. లోపల అడ్డానికొకటి, నిలువుకొకటి పొటెన్షియోమీటర్లు, పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే రకం. కానీ కర్రను మధ్యకు లాగే స్ప్రింగ్ పెట్టలేదు. చుట్టూ ఉన్న రబ్బరు తొడుగే లాగుతుందని వదిలేశారు, అది లాగలేదు. ఇప్పుడు ప్యాక్‌మ్యాన్‌లో మలుపు తిరగండి చూద్దాం. నాలుగు దిక్కులే ఉన్న ఆట, దిక్కు మారాలంటే కర్రను మీరే కొలిచి మధ్యకు తెచ్చి అటువైపు నెట్టాలి. ఈలోగా దెయ్యం మింగేస్తుంది. పదేళ్ల పిల్లవాడి చేతిలో ఒక్క సాయంత్రం పెట్టి చూసినా ఈ లోపం బయటపడేది. పక్కనున్న బటన్లు ఇంకా అన్యాయం. కింద ఉన్న పలచటి ఫ్లెక్స్ సర్క్యూట్ మీది కాంటాక్టులు త్వరగా చచ్చిపోయేవి. ఇదే కంట్రోలర్‌లో పాజ్ బటన్ ఉంది, దాన్ని మెచ్చుకోవాలి. ఆట మధ్యలో అమ్మ అన్నానికి పిలిస్తే ఆపుకునే వీలు ఇచ్చారు.

1984లో 5200 తయారీ ఆపేశారు. అమ్ముడైనవి పది లక్షల ప్రాంతంలో. దాని ముందు పుట్టిన 2600 మాత్రం 1992 మొదటి దాకా బతికింది. 5200 తర్వాత అటారీ తెచ్చిన 7800లో 2600 క్యాసెట్లు నేరుగా పట్టేలా చేశారు, అంటే చేయగలిగిన పనే.

తెనాలి సంగతి. దయచేసి తీసుకెళ్లకండి. దాని పవర్ అడాప్టర్ అమెరికా 120 వోల్టులకు చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, బయటికొచ్చేది అమెరికా టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ యాంటెన్నా సిగ్నల్, మన టీవీల్లో బొమ్మ సరిగ్గా రాకపోవచ్చు. నాలుగు పోర్టుల మోడల్‌లో ఇంకో చిక్కుంది. కరెంటు కూడా టీవీ దగ్గరుండే స్విచ్‌బాక్స్ గుండానే పెట్టెలోకి వెళుతుంది. ఆ చిన్న డబ్బా పోతే మొత్తం పెట్టె మూగబోతుంది. గరాజ్ సేల్‌లో అది ఇచ్చారో లేదో ముందు చూసుకోండి. బటన్లకైతే కంట్రోలర్ విప్పి కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడవండి, చాలావరకు లేస్తాయి. బంగారుపూత ఫ్లెక్స్ కిట్లు కూడా పాత మెషీన్లు సేకరించేవాళ్ల దగ్గర దొరుకుతాయి.

ప్రశ్న: ఏడాది కూడా కాని గేమ్‌ప్యాడ్. ఎవరూ ముట్టుకోకపోయినా బొమ్మ ఎడమకు జరుగుతోంది. తలుపు బందులకు కొట్టే స్ప్రే కొట్టాను, రెండు రోజులు బాగుంది, ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. (తిరుపతి)

ఆ స్ప్రే ఎవరు కొట్టమన్నారు? అది కార్బన్ పూత మీద జిడ్డుపొర వదులుతుంది, దుమ్మంతా దానికి అంటుకుంటుంది. ఇలాంటి చోట్ల ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ లాంటివే వాడాలి. సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ (కర్ర కొద్దిగా కదిలినా ఆట పట్టించుకోని మేర) కొంచెం పెంచి చూడండి, వారంటీ ఉంటే విప్పకుండా ఇచ్చేయండి. ఇంతకీ లోపల అరిగింది ఏమిటో తెలుసా? పొటెన్షియోమీటరే, 1982 నాటి జాతి. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ సెన్సర్లలో రుద్దుకునే భాగమే ఉండదు కాబట్టి అరుగుదల బాధ ఉండదు. అవి బజారులో ఉన్నాయి, పెద్ద ధర కూడా కాదు. అయినా ఖరీదైన ప్యాడ్లలో సైతం చాలామంది పాతదే పెట్టి, మార్చడానికి వీల్లేకుండా బోర్డుకు టంకం వేసి అమ్ముతున్నారు. మీరు ఈసారి కొనేటప్పుడు పెట్టె మీద హాల్ ఎఫెక్ట్ అని ఉందో లేదో చూసి కొనండి.

ప్రశ్న: కొత్త ఫోన్‌లో నేను డబ్బు కట్టి కొన్న పాత ఆట "మీ డివైజ్‌కు సరిపోదు" అంటోంది. వేరే సైట్ నుంచి ఏపీకే (యాప్ ఫైలు) దించుకోవచ్చా? (ఖమ్మం)

వద్దు. ఆ ఆట 32-బిట్‌కు, అంటే పాత తరం ప్రాసెసర్ల పద్ధతికి, రాసింది అయ్యుంటుంది. 2019 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు, అప్‌డేట్లకు ప్లేస్టోర్ 64-బిట్ రూపం తప్పనిసరి చేసింది. కొన్ని కొత్త ఫోన్ల ప్రాసెసర్లు 32-బిట్ కోడ్‌ను అసలు నడపవు, కాబట్టి ఏపీకే ఎక్కడ దించినా లాభం లేదు. ఈ మార్పుకు కారణాలున్నాయి, నేను కాదనను. కానీ డబ్బు తీసుకున్న ఆటను తిరగరాయాల్సిన బాధ్యత అమ్మినవాడిదా కాదా? ఏళ్లుగా ముట్టుకోకుండా వదిలేసి, స్టోర్ నుంచి మాయమైతే ఒక్క మాట చెప్పరు, పైసా వెనక్కివ్వరు. 5200 కొన్నవాళ్ల పాత క్యాసెట్ అల్మారాలో అయినా మిగిలింది. మీకు అదీ లేదు. పాత ఫోన్ ఉంటే అమ్మేయకండి. ఆ ఆట కోసం ఉంచి, బ్యాంకు యాప్‌లన్నీ తీసేసి, ఇంటర్నెట్ కట్ చేసి ఆడుకోండి.

ప్రశ్న: "పదివేల ఆటలు, అటారీ నుంచి అన్నీ" అని ఆన్‌లైన్‌లో టీవీ గేమ్ బాక్స్ కొన్నాం. సెటప్‌లో ప్లే ప్రొటెక్ట్ (యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ కాపలా) ఆపేయమంది, వేరే స్టోర్ నుంచి యాప్‌లు వేసుకోమంది. చేశాం. ఇప్పుడు ఇంట్లో నెట్ నత్తలా నడుస్తోంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే చాలా? (గాజువాక)

చాలదు. ఈ ఒక్క ప్రశ్న నాకు వేర్వేరు ఊళ్ల నుంచి మళ్లీ మళ్లీ వస్తోంది, ప్రతిసారీ గుండె గుభేలుమంటోంది.

పేరూ ఊరూ లేని ఇలాంటి ఆండ్రాయిడ్ పెట్టెల్లో కొన్నింటికి దొంగ సాఫ్ట్‌వేర్ దుకాణానికి రాకముందే, ఫ్యాక్టరీ ఫర్మ్‌వేర్‌లోనే (పెట్టెలో పుట్టుకతోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లోనే) ఎక్కి వస్తుంది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే, ఇలా దొంగలు లొంగదీసుకున్న పెట్టెల జాలం గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో ప్రజలను హెచ్చరించింది. అనుమానించాల్సిన గుర్తుల్లో ఎఫ్‌బీఐ చెప్పినవి ఇవీ: ప్లే ప్రొటెక్ట్ ఆపమనడం, ఊరూపేరూ లేని యాప్ స్టోర్ చూపడం. మీ పెట్టె రెండూ చేసింది. రీసెట్ చేస్తే మీరు వేసుకున్న యాప్‌లు పోతాయి. ఫర్మ్‌వేర్‌లో ఉన్నది అలాగే ఉంటుంది.

అది మీ ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది? మీ ఫొటోలు దొంగిలిస్తుందనే అందరి భయం. నా భయం వేరు. ఇలాంటి పెట్టెలను రెసిడెన్షియల్ ప్రాక్సీలుగా అమ్ముకుంటారు. ఎక్కడో కూర్చున్న మోసగాడు మీ ఇంటి కనెక్షన్ గుండా బయటికెళ్లి ఇంకొకరి ఖాతా ఖాళీ చేస్తాడు. రికార్డుల్లో పడేది మీ ఐపీ అడ్రస్, అంటే మీ నెట్ కనెక్షన్ చిరునామా. కనెక్షన్ మీ పేరు మీద, ఆధార్ మీది. పోలీసులు వెతుక్కుంటూ మీ గుమ్మం దగ్గరికే వస్తారు. "పిల్లలు ఆటలాడుకునే డబ్బా అండీ" అంటే ఆ క్షణాన నమ్మేవాడెవడు? మీ నెట్ నెమ్మదించడానికి వేరే కారణాలూ ఉండొచ్చు, కానీ సెటప్‌లో జరిగిన దాన్ని చూశాక అవేమిటో కనుక్కునేదాకా ఆగే పని లేదు.

ఇప్పుడే దాని ప్లగ్గు తీయండి. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వైఫై పాస్‌వర్డు, అడ్మిన్ పాస్‌వర్డు రెండూ మార్చండి. కనెక్షన్ ఇచ్చినవాడు పెట్టిన అడ్మిన్ పాస్‌వర్డు చాలా ఇళ్లలో అలాగే ఉంటోంది. ఆ పెట్టెలో గూగుల్ ఖాతాతో లాగిన్ అయ్యుంటే వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డు మార్చి, ఖాతా సెక్యూరిటీ పేజీలో ఆ డివైజ్‌ను తొలగించండి. కార్డు వివరాలు కొట్టి ఉంటే బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పెట్టెను అమ్మినవాడికే తిప్పి పంపండి, ఎందుకో కారణం రాయండి. చుట్టాలకు మాత్రం ఇవ్వకండి.

పిల్లలకు పాత ఆటలు చూపించాలన్న మీ కోరిక మంచిదే. పాత అటారీ ఆటలు, 5200వి కూడా, హక్కుదారులే సంకలనాలుగా అమ్ముతున్నారు. మామూలు కంప్యూటర్లో, పేరున్న స్టోర్ నుంచి కొనుక్కోవచ్చు. ఇక మీదట ఏ ఆండ్రాయిడ్ టీవీ పెట్టె కొన్నా ముందు ప్లేస్టోర్ సెట్టింగ్స్‌లో "అబౌట్" కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, దాన్ని రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కే కలపండి. మీ ఫోన్లు, లాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్ పాస్‌వర్డు దానికి ఇవ్వకండి.